సిస్టర్ అని పిలిస్తే సరిపోతుందా?

ఆస్పత్రిలో అడుగు పెట్టగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "సిస్టర్". ఆ తోబుట్టువుకి నెలకు ఎంత ముడుతుందో మనలో ఎంతమందికి తెలుసు? ఈ మధ్య ఒకమ్మాయి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేదాకా నాకూ సరిగ్గా తెలియదు.

ఆమెది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. తండ్రి ఉన్న ఎకరం తాకట్టు పెట్టి మూడేళ్ళు జి.ఎన్.ఎం. చదివించాడు. హైదరాబాదులో మూడువందల పడకల ప్రైవేటు ఆస్పత్రిలో, ఐ.సి.యు.లో పని. పన్నెండు గంటల డ్యూటీ, నెలలో సగం రాత్రుళ్ళు. చేతికొచ్చేది 14 వేలు. మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆస్పత్రి బీరువాలో ఉన్నాయి. రెండేళ్ళ బాండు పూర్తికాకుండా వెళ్తే లక్ష రూపాయలు కట్టమంటున్నారు. ఆ సర్టిఫికెట్ల కోసమే మా దగ్గరికి వచ్చింది. మాటల మధ్యలో, "అక్కా, అమెరికాలో ట్రావెల్ నర్సులకి మా ఏడాది జీతం వారానికే ఇస్తారట, నిజమేనా?" అని అడిగింది.

లెక్క వేసి చూస్తే ఆమె మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. అక్కడ ట్రావెల్ నర్సు అంటే ఏజెన్సీ ద్వారా ఊరూరా తిరుగుతూ, సాధారణంగా 13 వారాల కాంట్రాక్టు మీద పనిచేసే నర్సు. ఏ ఆస్పత్రిలో మనుషులు చాలకపోతే అక్కడికి వెళ్తుంది. ఇల్లూ వాకిలీ వదిలి వస్తుంది కాబట్టీ, కాంట్రాక్టు అయిపోయాక పని ఉంటుందో లేదో తెలియదు కాబట్టీ, పక్కనే పనిచేసే పర్మినెంటు నర్సు కంటే ఆమెకు సాధారణంగా ఎక్కువ ఇస్తారు. 2020, 2021 కోవిడ్ రోజుల్లో ఆ రేట్లు ఆకాశాన్నంటాయి.

అంతమాత్రాన అక్కడ అంతా బంగారమే అనుకోనక్కర్లేదు. 2022లో గిరాకీ తగ్గగానే కాంట్రాక్టు మధ్యలోనే ఏజెన్సీలు రేట్లు కోశాయని నర్సులు కోర్టుకెక్కారు. జీతంలో కొంత భాగాన్ని ఇంటద్దె, భోజనం ఖర్చుల పేరుతో చూపిస్తారు. దాని మీద పన్ను ఉండదు, నిజమే. కానీ ఓవర్‌టైం లెక్కకట్టేటప్పుడు ఆ భాగాన్ని పక్కన పెట్టేసేవారు. గంటల లెక్కన ఇచ్చే డబ్బు జీతమే అవుతుందని 2021లో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక బయటి దేశం నుంచి వెళ్ళే నర్సుల సంగతి వేరే. ఫిలిప్పీన్స్ నుంచి న్యూయార్క్ నర్సింగ్ హోముల్లో పనికి వెళ్ళినవారితో, మధ్యలో మానేస్తే 25 వేల డాలర్లు కట్టాలని సంతకాలు చేయించుకున్నారు. అది మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టానికి విరుద్ధమని 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. మా దగ్గరికి వచ్చిన అమ్మాయి బాండుకీ, ఆ బాండుకీ తేడా డాలర్లూ రూపాయలే!

అయినా ఒక్క విషయం నన్ను వదలడం లేదు. అక్కడ తాత్కాలికంగా పనిచేసే నర్సుకి ఆ అభద్రతకు ఎంతో కొంత ధర కడుతున్నారు. మన దగ్గర తాత్కాలిక నర్సుకి అభద్రతా ఉంటుంది, జీతమూ తక్కువే. 2020 జూలైలో, కరోనా వార్డుల్లో ప్రాణాలకు తెగించి పనిచేస్తూనే, గాంధీ ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతం కోసం, ఉద్యోగ భద్రత కోసం రోడ్డు మీదికి రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో, అవసరం తీరిందని, తెలంగాణలో ఔట్‌సోర్సింగ్ నర్సులను పెద్ద సంఖ్యలో తొలగించారు. చప్పట్లు కొట్టి, దీపాలు వెలిగించిన మనం అప్పుడేం చేశాం?

మరి చట్టం ఏమంటోంది? నర్సుల జీతాల మీద కమిటీ వేయమని 2016 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ సిఫార్సులు స్పష్టంగా ఉన్నాయి. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 దాటితే తేడా 10 శాతానికి, 50 నుంచి 100 వరకు ఉంటే 25 శాతానికి మించకూడదు. అంతకన్నా చిన్న ఆస్పత్రిలోనైనా 20 వేలకు తగ్గకూడదు. 2022 చివర్లో తెలంగాణలో స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు ఇచ్చిన ప్రకటనలో మూలవేతనమే 36,750 రూపాయల నుంచి మొదలవుతుంది. దాని పక్కన మూడువందల పడకల ఆస్పత్రి ఇచ్చే 14 వేలు పెట్టి చూడండి. కేంద్రం ఆ సిఫార్సులను రాష్ట్రాలకు పంపి చేతులు దులుపుకుంది. కేరళలో మాత్రం నర్సులు సంఘం కట్టి, 2017లో సమ్మె చేసి, 2018లో 20 వేల కనీస వేతనం నోటిఫికేషన్ సాధించుకున్నారు. కాగితం మీది సిఫార్సు దానంతటదే జీతం కవరులోకి రాదని వాళ్ళకు తెలుసు.

ఇక్కడ బతకలేకే మన పిల్లలు విదేశాల వైపు చూస్తున్నారు. వెళ్ళడం తప్పు కాదు, ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ దారిలో కాచుకుని ఉన్నది దళారులు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30 వేలు, ఆపైన జి.ఎస్.టి. అంతకుమించి అడిగితే అది నేరం. 2015లో కొచ్చిలో బయటపడిన కువైట్ నియామకాల కుంభకోణంలో 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట ఒక్కో నర్సు దగ్గర పందొమ్మిదిన్నర లక్షలు వసూలు చేశారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయని మన నర్సింగ్ విద్యార్థినుల్లో ఎందరికి తెలుసు? ట్రావెల్ నర్సు ఉద్యోగం పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్ళతో మరీ జాగ్రత్త. అమెరికా వెళ్ళాలంటే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి, మామూలుగా శాశ్వత ఉద్యోగం చూపించే యజమాని ఉండాలి, వీసా కోసం ఏళ్ళ తరబడి కాచుకోవాలి.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన జిల్లాల్లోని ఆస్పత్రుల్లో నర్సులకు నియామక పత్రం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయో లేవో అడుగుదాం. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. అయినా నియామక పత్రం తప్పనిసరి అనీ, నియమిత కాలానికి తీసుకున్న ఉద్యోగికి పర్మినెంటు ఉద్యోగితో సమానంగా జీతం ఇవ్వాలనీ అవే చెబుతున్నాయి. ఆ మాటను యాజమాన్యాల ముందు పెడదాం. సర్టిఫికెట్లు లాక్కునే పద్ధతి మీద లేబర్ ఆఫీసులో, నర్సింగ్ కౌన్సిల్‌లో ఫిర్యాదులు పెడదాం. 2016 సిఫార్సులకు చట్టబద్ధత కావాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ నిలదీద్దాం.

సేవ అనే పేరు పెట్టి ఆడవాళ్ళ చాకిరీకి జీతం తగ్గించడం మనకు కొత్త కాదు. ఇంట్లో తల్లిని, అంగన్‌వాడీలో టీచర్‌ని, ఆస్పత్రిలో సిస్టర్‌ని త్యాగమూర్తులని పొగిడేది అందుకే. ఆ పొగడ్త మనకు అక్కర్లేదు, చేసిన పనికి జీతం కావాలి.

ఆ అమ్మాయి సర్టిఫికెట్ల కోసం లాయర్ నోటీసు పంపాం. ఇంకా జవాబు రాలేదు. ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు "సిస్టర్" అని పిలిచాక, మీ జీతమెంత అని కూడా అడగండి. మన పని అక్కడి నుంచే మొదలవుతుంది.