గీజర్ కింద కారే చుక్కను మూయకండి

ఈసారి పోస్టు మన భాష గురించి కాదు, ఉగాది కార్యక్రమం గురించీ కాదు. మన ఛత్రంలో పెళ్ళివారి గదుల్లో ఉన్న గీజర్ల గురించి. పోయిన కమిటీ మీటింగులో ఈ మాట ఎత్తితే "ప్లంబర్ చూసుకుంటాడులెండి" అని రెండు నిమిషాల్లో దాటేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

జరిగింది ఇదీ. మేడ మీద గదుల్లో షవర్ సన్నగా వస్తోందని పెళ్ళివాళ్ళు అంటే, వానలకు ముందు ప్రెషర్ పంపు పెట్టించారు. షవర్ బాగుపడింది. అప్పటినుంచి గీజర్ల కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. బాత్రూం నేల ఎప్పుడూ తడిగా ఉంటోందని మళ్ళీ ఫిర్యాదు. వచ్చిన ప్లంబర్ ఆ చుక్క కారే ముక్కుకు ప్లగ్గు బిగించి వెళ్ళిపోయాడు. నిన్న వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని చూసి వచ్చాను. ఎనిమిది గదుల్లో ఐదింటికి ప్లగ్గులున్నాయి. నేల పొడిగా ఉంది, అందరికీ సంతోషం. నాకు మాత్రం అప్పటినుంచి మనసు మనసులో లేదు.

నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్ల గీజర్‌లో 20 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు 380 మిల్లీలీటర్లు పెరుగుతాయి. అంటే ఒక పెద్ద గ్లాసుడు. లోపలి ట్యాంకు సాగదు, నీళ్ళు అణగవు. ఆ గ్లాసుడు నీళ్ళు ఎక్కడికో పోవాలి. పంపు లేనప్పుడు వచ్చిన పైపులోనే వెనక్కి, మిద్దె మీది ట్యాంకు వైపు జరిగేవి. పంపుతో పాటు నీళ్ళను వెనక్కి పోనివ్వని వాల్వు కూడా వచ్చింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది గీజర్‌కు చల్లనీళ్ళు వచ్చే చోట ఉండే సేఫ్టీ వాల్వు ఒక్కటే. ఒత్తిడి హద్దు దాటితే అది కొంచెం తెరుచుకుని ఎక్కువైన నీళ్ళను చుక్కలుగా వదులుతుంది. కాబట్టి అది లీకు కాదు, వాల్వు తన పని చేసుకుంటోంది. విజిల్ మోతకు పసివాడు లేస్తున్నాడని కుక్కర్ వెయిట్ మీద రోకలి పెట్టిన ఇల్లాలిని ఎవరైనా చూశారా?

మన పాత ఇళ్ళలో బచ్చలింట్లో రాగి హండె ఉండేది. కింద కట్టెలు ఎన్ని తోసినా భయం లేదు, మూత వదులుగా ఉండేది, ఆవిరి దాని దారిన అది పోయేది. గీజర్ అలా కాదు, అది నాలుగు పక్కలా మూసిన పాత్ర.

థర్మోస్టాట్ ఉంది కదా అని ఒక పెద్దాయన అన్నారు. ఉంది. దాని వెనక ఇంకో కటౌట్ కూడా ఉంది. రెండూ కరెంటు మీద నడిచే చిన్న సామాన్లు, పాతబడితే అతుక్కుపోతాయి. అప్పుడు నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగవు. ఒత్తిడి పెరిగేకొద్దీ మరిగే వేడి కూడా పెరుగుతుంది. మామూలు గాలి ఒత్తిడి కన్నా 1 బార్ ఎక్కువుంటేనే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. ఆ స్థితిలో ట్యాంకు చీలితే అందులో కొంత నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటికన్నా 1600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. పెళ్ళిరోజు తెల్లవారుజామున మంగళస్నానాలకు ఎనిమిది గీజర్లూ ఒకేసారి వేస్తారు, ఆపడం ఎవరికీ గుర్తుండదు. ఆ సమయంలో దాని కింద ఎవరుంటారో నేను చెప్పక్కర్లేదు.

"ఇన్నేళ్ళూ ఏమీ కాలేదుగా" అన్నవారికి ఒకటే జవాబు. ఇన్నేళ్ళూ ఆ పంపూ లేదు, ఆ ప్లగ్గులూ లేవు. ప్లంబర్‌ను తిట్టీ లాభం లేదు. అతనికి చెప్పింది చుక్క ఆపమని, ఆపాడు.

తడి నేలకు మందు చాలా చౌక. వాల్వు ముక్కుకు సన్న గొట్టం తగిలించి, కిందికి వాలుగా డ్రైన్ దాకా తీసుకెళ్ళి, కొన తెరిచి వదిలేయాలి. ఒక గదికి పట్టే గొట్టం ఖరీదు మన ఛత్రంలో ఒక విస్తరి భోజనం ఖరీదుకు మించదు. ఆ తర్వాత గమనించాలి. నీళ్ళు కాగుతున్నంతసేపే కారి ఆగితే దిగులు లేదు. స్విచ్ ఆపినా రోజంతా కారుతుంటే, ఒకటి, పైపులో ఒత్తిడే ఎక్కువ. రెండోది, బోరు నీళ్ళ సున్నం వాల్వులో పేరుకుని సరిగా మూసుకోవడం లేదు. మన బెంగళూరు బోరు నీళ్ళకు రెండోదానికే అవకాశం ఎక్కువ, అప్పుడు వాల్వు మార్చడమే. మొదటిది తేల్చడానికి ప్రెషర్ గేజ్ పెట్టి చూడాలి. పది మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్. మిద్దె మీది ట్యాంకు నుంచి కింది గదులకు మనకు ఒకటి, ఒకటిన్నర బార్‌కు మించి రాదు. పంపు దానికి ఎంత కలుపుతోందో గేజ్ చెబుతుంది. గీజర్ ఎంత తట్టుకుంటుందో దాని లేబుల్ మీదే ఉంటుంది, 6.5 అనో 8 బార్ అనో. పంపు ఆగే ఒత్తిడి తగ్గించి చూడాలి. చాలకపోతే ఒత్తిడి తగ్గించే వాల్వు లైనులో వేయాలి.

ఇళ్ళలో సోలార్ ఉన్నవారికి ఒక మాట. మిద్దె మీది మామూలు గాజు గొట్టాల సోలార్ ట్యాంకు ఒత్తిడికి చేసింది కాదు. దాని నుంచి ఆకాశం వైపు నిలబడిన ఎయిర్ వెంట్ గొట్టాన్ని, నీళ్ళు చిమ్ముతున్నాయనో పావురాలు వస్తున్నాయనో మూయకండి. ఆ ట్యాంకుకు ప్రెషర్ పంపు నేరుగా తగిలించకండి.

ఆదివారం మీటింగులో ఇది మొదటి అంశంగా పెట్టమని కార్యదర్శి గారికి రాశాను. ముందు గోడలకు రంగులు, తర్వాత గీజర్లు అని కోశాధికారి గారి అభిప్రాయం. నా అభిప్రాయం దానికి తలకిందులు. మాఘమాసం ముహూర్తాలకు వారాలే ఉన్నాయి. ప్లగ్గులు తీసి గొట్టాలు వేసేవరకు ఆ ఐదు గదుల గీజర్ల ఎంసీబీలు దించి ఉంచమని వాచ్‌మన్‌కు చెప్పి వచ్చాను. దయచేసి ఎవరూ ఎత్తకండి. ఈలోగా ఎవరికైనా గదులు ఇవ్వాల్సి వస్తే, వంటశాలలో గ్యాసు మీద నీళ్ళు కాచి బకెట్లతో పంపించండి.