పావురాల గూటికి ఏ కప్పు మేలు?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పావురమంటే పిట్ట పేరు. ప్రేమ పేరు కూడా. 'మనవడంటే ముసలమ్మకు ఎంత పావురమో' అంటారు. అంత పావురంగా తెచ్చుకున్న జతలకు గూడు కట్టేటప్పుడు మాత్రం, పైకప్పు దగ్గరికి వచ్చేసరికి చాలామంది చేతికందిన రేకుముక్క పరిచేసి ఊరుకుంటారు. నాలుగు గుంజలు పాతి, చుట్టూ జాలీ బిగించి, ఇల్లు కట్టగా మిగిలిన రేకు వేస్తే గూడు అయిపోయిందనుకుంటారు. చలికాలంలో కట్టిన గూడైతే నాలుగు నెలలు బాగానే ఉంటుంది. దాని సంగతి బయటపడేది రోహిణి కార్తెలోనే.

రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. మన రామగుండం రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్లలో ఒకటి. మే నెలలో 45 డిగ్రీలు అక్కడివారికి కొత్త కాదు. ఆదిలాబాద్‌లో చూస్తే డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగిపోతాయి. మధ్యలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు. వేసవి మొదట్లో రాళ్లవాన. గూటి మీద వేసే ఒక్క కప్పు ఈ నాలుగింటికీ తట్టుకోవాలి. దుకాణంలో ధర అడిగే ముందు ఆలోచించాల్సింది ఇది.

ఎండలో పక్షికి ఏమవుతుందో చూడండి. పావురం ఒళ్లు మామూలుగానే 41, 42 డిగ్రీల వేడిమీద ఉంటుంది. దానికి మనలా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, గొంతు అదిలిస్తూ వేడిని బయటికి పంపుకుంటుంది. ఖాళీగా ఉన్న పక్షయితే చెట్టు నీడకో, బావి గోడ బొరియలోకో పోతుంది. గుడ్ల మీద కూర్చున్నది ఎటు పోతుంది? పావురం రెండు గుడ్లు పెడుతుంది. ఆడా మగా వంతులేసుకుని సుమారు 18 రోజులు పొదుగుతాయి. సాయంత్రం నుంచి పొద్దుటి దాకా ఆడది, పగటి పూట ఎక్కువసేపు మగది కూర్చుంటాయి. అంటే మిట్టమధ్యాహ్నం రేకు కింద ఉడికేది తండ్రి పావురం. పిల్లలు బయటపడ్డాక కూడా ఎగిరే రెక్కలు రావడానికి దాదాపు నెల పడుతుంది. అన్నాళ్లూ వాటికి ఆ కప్పే ఆకాశం.

ఇక ఒక్కో కప్పు సంగతి చూద్దాం.

ఇనుప రేకు

తేలిక. చౌక. వాన కారదు. పిల్లి దూరదు. కోతి దూకినా సొట్టపడుతుందేమో గానీ పగలదు. ఇన్ని సుగుణాలున్నాయి కాబట్టే ఊరంతా రేకులమయమైంది. చిక్కల్లా ఎండతోనే. పది గంటలకల్లా చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. చలి రాత్రి అంతే త్వరగా చల్లారిపోయి, లోపలి ఆవిరి రేకు అడుగున చుక్కలు కట్టి గూట్లోకి కారుతుంది. వాన కారకపోయినా కొన్ని గూళ్లు పొద్దున్నే తడిగా ఉండటానికి కారణం ఇదే.

రేకు తప్పదనుకుంటే మూడు పనులు చేయండి. రేకుకు నాలుగైదు అంగుళాల కింద వెదురు తడక ఒకటి కట్టండి. మధ్యలో గాలి ఆడితే వేడి సగం అక్కడే ఆగిపోతుంది. రెండోది, పైన తెల్లరంగు వేయించండి. సున్నం వద్దు. తడి సున్నం రేకు మీది జింకు పూతను తినేస్తుంది, తొందరగా తుప్పు పడుతుంది. మూడోది మన పెద్దల చలువపందిరి చిట్కానే. ఉగాది నుంచి మిరుగం దాకా రేకుల మీద తాటికమ్మలు పరిచి, గాలికి లేవకుండా కట్టేయండి. వానలు పడగానే తీసేయండి.

తెల్లరంగు మాట వింతగా తోస్తే ఒక సంగతి. హైదరాబాద్ బస్తీ ఇళ్ల మీద 2017లో వేడిని తిప్పికొట్టే తెల్లని కప్పు వేసి చూస్తే, లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ఒకటి ప్రకటించింది. అది మనుషుల ఇళ్ల కోసమే. కానీ ఎండ అందరికీ ఒకటే కదా!

సిమెంటు రేకు

పాత ఇల్లు విప్పి స్లాబు వేసుకునే వాళ్లు సిమెంటు రేకులను ఊరికే ఇచ్చేస్తుంటారు. పావురాలు పెంచే కుర్రాళ్ల కళ్లు వాటిమీదే పడతాయి. ఇనుప రేకుకన్నా కాస్త నెమ్మదిగా వేడెక్కే మాట నిజమే. కానీ ఈ రేకుల్లో చాలావాటిలో సిమెంటుతో కలిసి ఆస్బెస్టాస్, అంటే రాతినార ఉంటుంది. రేకు కదలకుండా, పగలకుండా ఉన్నంతకాలం అది లోపలే ఉంటుంది. కోసినా, తొలిచినా, పగలగొట్టినా, నాచు పోవాలని గట్టిగా రుద్దినా కంటికి కనపడని నార గాలిలో కలుస్తుంది. ఊపిరితిత్తుల్లోకి చేరితే బయటికి రాదు. క్యాన్సర్ కావచ్చు, ఊపిరితిత్తులు గట్టిపడిపోవచ్చు. అదీ ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఆ రేకు ఎవరు కోశారో, ఎందుకు కోశారో ఎవరికీ గుర్తుండదు. అరవైకి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. అమెరికా 2024లో నిషేధం ప్రకటించింది. మన దేశంలో మాత్రం రేకుల తయారీలో వాడకం సాగుతూనే ఉంది.

పావురాల గూడు చిన్నది. పది అడుగుల రేకును అక్కడ కోయక తప్పదు. రంపం పట్టేది సాధారణంగా ఇంట్లో పిల్లవాడే. అందుకే చెబుతున్నాం... పాత సిమెంటు రేకు ఊరికే వచ్చినా గూటికి వద్దు. ఇప్పటికే పైన ఉంటే కదపకండి. విరిగిన అంచులకు రంగు పూసి వదిలేయండి. కొత్తగా కొనేవాళ్లు రాతినార లేని ఫైబర్ సిమెంటు రేకు ఉందా అని అడగండి. అలాంటివీ దొరుకుతున్నాయి.

గడ్డి, తాటికమ్మ

చల్లదనానికి దీన్ని మించింది లేదు. ఆదిలాబాద్ గూడేల్లో వెదురు తడికలకు మట్టి మెత్తి, పైన గడ్డి కప్పిన ఇంట్లో మే నెల మధ్యాహ్నం కూర్చుంటే ఆ హాయి తెలుస్తుంది. గూటికి మాత్రం ఇబ్బందులున్నాయి. గడ్డిలో ఎలుక చేరుతుంది. ఎలుక కోసం పాము వస్తుంది. పాముకు గుడ్లూ, పిల్లలూ దొరుకుతాయి. పేలూ నల్లులూ కాపురం పెడతాయి. రెండు వానాకాలాలకు గడ్డి మురిగిపోతుంది. ఏటా మార్చే ఓపిక ఉండి, కింద సన్నకన్ను జాలీ బిగించుకునే వాళ్లకే గడ్డి కప్పు.

పెంక

మా ఓటు దీనికే. ఎనుకట కుమ్మరులు సారె మీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి కాల్చిన గూనలు మన ఇళ్లను కప్పాయి. తర్వాత బెంగళూరు పెంకలు వచ్చాయి. పేరు బెంగళూరుదే గానీ పుట్టిల్లు మంగళూరు. అక్కడ బాసెల్ మిషన్ వారు 1865లో తొలి పెంకల ఫ్యాక్టరీ పెట్టారు. గూనైనా, పెంకైనా మట్టి మట్టే. మెల్లగా వేడెక్కుతుంది. సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. చెమ్మను కాస్త పీల్చుకుని మళ్లీ ఆరిపోతుంది. ఈజిప్టులో, ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టుపక్కల ఎరువు కోసం వేల పావురాలను సాకిన బురుజులను కట్టింది కూడా మట్టితోనే. ఎడారి ఎండ తెలిసినవాళ్లు మరి!

లెక్క కూడా చూసుకుందాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గూటికి చూరుతో కలిపి 50 చదరపు అడుగుల కప్పు అవుతుంది. చదరపు మీటరుకు 15 చొప్పున బెంగళూరు పెంకలు 70 పడతాయి. ఒక్కోటి సుమారు రెండున్నర కిలోలు. మొత్తం 175 కిలోల బరువు. సన్నని బొంగులు ఆగవు. పాత ఇంటి టేకు వాసాలో, ఇనుప పైపులో వాడాలి. విప్పేసే ఇళ్ల దగ్గర బేరమాడితే పెంకలూ వాసాలూ ఒకేచోట దొరుకుతాయి.

పెంకకు రెండు శత్రువులు. ఒకటి రాళ్లవాన. అందుకు పది పెంకలు అదనంగా దాచుకోవాలి. రెండోది కోతి. దీనికి జవాబు అంత సులువు కాదు. అడవులు పలచబడి కోతులు ఊళ్లమీద పడ్డాకే మన దగ్గర ఎందరో పెంకలు దించి రేకులు ఎక్కించారు. 2020 చివర్లో నిర్మల్ జిల్లా చించోలి(బి) దగ్గర కోతుల కోసమే ఓ సంరక్షణ కేంద్రం పెట్టాల్సి వచ్చిందంటే బెడద ఎంతదో తెలుస్తుంది. మీ వాడకు కోతుల గుంపు రోజూ వస్తుంటే పెంకల మీద ఆశ వదులుకోండి. తడక కట్టిన తెల్ల రేకే మీకు దారి. రాకపోతే పెంకే వేయండి. ఎలా వేసినా పెంకల కింద జాలీ పరవడం మరవద్దు. పెంక జరిపి లోపలికి చెయ్యి పెట్టడం పిల్లికి బాగా తెలుసు.

కప్పు కింద గాలి

ఏది వేసినా సగం పని కప్పుది, సగం పని దాని కింది గాలిది. గోడ పైకి కప్పును ఆనించేయకుండా జానెడు సందు వదిలి జాలీ కొట్టండి. వేడి పైకే పోతుంది కాబట్టి దానికి అక్కడే దారి ఇవ్వాలి. వానజల్లు మన వైపు ఎక్కువగా పడమర, నైరుతి నుంచి కొడుతుంది. సాయంత్రపు ఎండా అటే. కాబట్టి గూటి వీపు పడమటికి, ముఖం తూర్పుకు పెట్టండి. కప్పు వీపు వైపుకు వాలాలి. పెంకకైతే రెండడుగులకు ఒక అడుగు, రేకుకైతే ఆరడుగులకు ఒక అడుగు వాలు చాలు. చూరు అడుగున్నర బయటికి రావాలి. డాబా మీదకన్నా పెరట్లో వేపచెట్టు నీడన కట్టడం మంచిది. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది.

గూడు పొడిగా, గాలిగా ఉండటం మనకూ అవసరమే. పావురాల రెట్ట ఎండి దుమ్మయి లేస్తే, దాన్ని ఏళ్లతరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వైద్యులు దాన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ముంబయిలో 2025లో కబూతర్‌ఖానాలు మూయించడంపై హైకోర్టు దాకా వివాదం నడిచింది ఈ కారణంతోనే. తడిసిన రెట్టకు బూజు పడితే మరీ ప్రమాదం. అందుకే కారని కప్పు, ఆడే గాలి ఉండాలి. ఊడ్చేముందు కాసిని నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. దగ్గూ ఆయాసమూ ఉన్నవాళ్లతో ఈ పని చేయించకండి.

పావురం గుణం ఒకటుంది. ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా తన గూటికే తిరిగొస్తుంది. గూడు నిప్పుల కొలిమిలా ఉన్నా అక్కడికే వస్తుంది. ఇంకో మంచి ఇల్లు వెతుక్కోవడం దానికి తెలియదు. మన మీద అంత నమ్మకం పెట్టుకున్న ప్రాణికి కప్పు ఎంచే బాధ్యత మనదే.

గూడు పూర్తయ్యాక వెంటనే పక్షులను తేకండి. ఎండ ముదిరిన రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు, గూళ్లలో అన్నిటికన్నా పై అరలో మీ చెయ్యి పెట్టి పది నిమిషాలు ఉంచండి. ఉంచగలిగితే జతను తెచ్చుకోండి. లేకపోతే ఇంకో తడక కట్టండి.