జింజి కొండను మన ఊరి పటంలో చేర్చండి
(పుదుచ్చేరి పర్యాటక శాఖకు బహిరంగ లేఖ)

పర్యాటక శాఖ అధికారులకు,

నేను యానాంలో పుట్టి, ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలో స్థిరపడ్డవాణ్ణి. మన ఊళ్ళో అన్నీ ఉన్నాయి, కొండ ఒక్కటే లేదు. గోరిమేడు పేరుకే మిట్ట, సైకిల్ దిగకుండా ఎక్కేయొచ్చు. బీచి రోడ్డు, ఫ్రెంచి వీధులు, ఆరోవిల్, ఓ పడవ షికారు. వచ్చినవాళ్ళకు మనం చూపించేది దాదాపు ఇంతే. వీటి పక్కన ఒక కొండను చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న జింజి కోట అది. బస్సు బోర్డుల మీద ‘సెంజి’ అని ఉంటుంది.

ఆ జింజి రాళ్ళు కొన్ని ఇప్పటికే మన బీచిలో ఉన్నాయి. గాంధీ విగ్రహం చుట్టూ నిలబడ్డ ఎనిమిది ఏకశిలా స్తంభాలు అక్కణ్ణుంచి తెచ్చినవేనంటారు. జింజి కోటలోని వేంకటరమణస్వామి గుడి స్తంభాలను ఫ్రెంచివారు పుదుచ్చేరికి తరలించారని చరిత్ర రాసినవాళ్ళూ చెబుతారు. సాయంత్రమైతే వాటికి ఆనుకుని ఫొటోలు దిగేవాళ్ళకు లెక్క లేదు. ఇవి ఏ ఊరివని అడిగినవాణ్ణి మాత్రం నేనింకా చూడలేదు.

నిజానికి పుదుచ్చేరి తలరాత చాలాకాలం ఆ కొండ మీదే రాశారు. ఫ్రెంచివారి తరఫున ఫ్రాన్స్వా మార్టిన్ 1674లో ఇక్కడ స్థావరం పెట్టిన మూడేళ్ళకే, 1677లో, శివాజీ జింజిని పట్టుకున్నాడు. ఇక్కడ వ్యాపారం సాగాలంటే మార్టిన్ ఆయన్ను మంచి చేసుకోక తప్పలేదు. 1693లో డచ్చివాళ్ళు ఊరిని ఆక్రమించినప్పుడు, సొమ్ము పుచ్చుకుని సరేనన్నది జింజిలో ఉన్న శివాజీ కొడుకు రాజారామే. అదే సమయంలో మొగలు సేనలు కోటను చుట్టుముట్టి ఉన్నాయి. 1690లో మొదలైన ఆ ముట్టడి 1698 దాకా సాగింది. ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాన్‌కు ఏళ్ళు పట్టిన కోటను 1750 సెప్టెంబరులో ఫ్రెంచివారు ఒక్క రాత్రిలో పట్టేశారు. ఆ రాత్రి తలుపులు పగలగొట్టి ముందు లోపలికి దూకినవాడు బుస్సీ.

తెలుగువాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ దొర ఈయనే. బుర్రకథల్లో ఆయన్ను తిట్టుకుంటూ పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చాక ఆయన పేరున్న వీధిలోనే కూరగాయలు కొన్నాను. దానికి లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని పేరు మార్చినా, చాలామంది నోట ఇప్పటికీ బుస్సీ వీధే. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళకు లొంగింది. జింజి ఏప్రిల్ దాకా నిలిచింది. ఫ్రెంచి వీధుల్లో నడిపించి ఈ కథ ఇంతేనని పంపేస్తే యాత్రికుడు సగమే విన్నట్టు.

మరో సగం తెలుగువాళ్ళది. శివాజీకి ముందు, బీజాపూరు సుల్తానులకు ముందు జింజిని ఏలింది విజయనగరం కింద ఎదిగిన తెలుగు నాయకులు. 16వ శతాబ్దం చివర కృష్ణప్ప నాయకుడి కాలంలో వచ్చిన పిమెంటా అనే జెసూయిట్ పాదిరీ, లిస్బన్‌ను మినహాయిస్తే పోర్చుగల్‌లో ఇంత పెద్ద పట్టణం లేదని రాసుకున్నాడు. 2025 జులైలో యునెస్కో ఈ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, మరాఠా సైనిక కోటలు పన్నెండింటిలో ఒకటిగా. మిగతా పదకొండూ మహారాష్ట్రలో ఉన్నాయి. సంతోషమే. కానీ కొండ కింద మనం చూసే ధాన్యపు కొట్లు, కల్యాణ మహల్, గుడి చాలావరకు నాయకుల కాలానివని చెప్పే మనిషి కూడా పక్కన ఉండాలి కదా.

జింజి తమిళనాడులో ఉంది, మా పరిధి కాదని మీరనొచ్చు. ఆరోవిల్‌లోని మాతృమందిరం మాత్రం ఎక్కడుంది? అదీ విళుప్పురం జిల్లాలోనే, జింజి ఉన్న జిల్లాలోనే. అయినా దాన్ని చూపించకుండా మన ఊరి నుంచి ఎవర్నీ పంపరు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న మా యానాంను పాలించగలిగిన ప్రభుత్వానికి డెబ్భై కిలోమీటర్లు దూరమేమీ కాదు.

పైగా గిరాకీ వెతుక్కోనక్కర్లేదు. అరుణాచల గిరి ప్రదక్షిణకు తెలుగు రాష్ట్రాల నుంచి జనం ఎలా వస్తున్నారో మీకు తెలుసు. వారిలో చాలామంది తిరుగుదారిలో సముద్రం చూద్దామని మన ఊరికి వస్తారు. తిరువణ్ణామలై నుంచి తిండివనం రోడ్డు జింజి మీదుగానే పోతుంది. కిటికీలోంచి బండరాళ్ళ గుట్టలు కనబడతాయి, డ్రైవరు ఆపడు, వీళ్ళు అడగరు.

ఆ గుట్టల్లో పెద్దది రాజగిరి, కింది నేల నుంచి సుమారు 240 మీటర్ల ఎత్తు. మెట్లు వెయ్యికి పైనే. మొదట చెట్ల నీడ, కమలకన్ని అమ్మవారి గుడి, ఆ తర్వాత బండకు అంటుకుని పోయే దారి. శిఖరానికి కొంచెం ముందు కొండ నిట్టనిలువునా చీలి ఉంటుంది. ఇరవై మీటర్ల లోతున్న ఆ నెర్రె మీద ఒక చిన్న వంతెన. దాన్ని తీసేస్తే పది మంది చాలు, ఒక సైన్యాన్ని ఆపడానికి. ఎనిమిదేళ్ళ ముట్టడి సంగతి పుస్తకంలో చదివితే అంకె, ఆ వంతెన మీద నిలబడితే అర్థమవుతుంది. పైన రంగనాథస్వామి గుడి, ఒక ఫిరంగి, బోలెడంత గాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ గుట్టల్లోనే మరొకటైన కృష్ణగిరి కొంత తేలిక. కోతులు రెండు చోట్లా ఉన్నాయి, చేతిలో సంచీ ఉంటే వదలవు.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. వారాంతాల్లో తెల్లవారుజామున ఐదింటికి బీచి దగ్గర బయల్దేరే ఒక బస్సు కావాలి. ఎండెక్కాక ఆ బండ మీద నడవలేం. మధ్యాహ్నం దాటితే పైకి వదలరు కూడా. తమిళంతో పాటు తెలుగు, ఫ్రెంచి తెలిసిన గైడ్లు కావాలి. అందుకు మన విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులను తయారు చేస్తే చాలు. బస్సు కదిలే ముందు ఆ ఎనిమిది స్తంభాల దగ్గరే ఓ పావుగంట కథ మొదలుపెట్టించండి. రోప్‌వే గురించి మాత్రం ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎక్కడానికి కష్టంగా కట్టిన కోటను తేలిగ్గా ఎక్కిస్తే చూపించడానికి ఇక ఏముంటుంది?

ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక, పొంగల్ సెలవులకు మొదలుపెట్టి మార్చి మొదటికల్లా ఆపేయండి. వేసవిలో ఎవరైనా టికెట్టు అడిగినా ఇవ్వొద్దు.

ఇట్లు,
పుదుచ్చేరిలో ఉంటున్న ఒక యానాం మనిషి