కుంకుడుకాయ కడుగుతుంది... మొలిపించదు!

గల్ఫ్‌లో మనవాళ్లు నలుగురు కలిసిన చోట మాటలు ఎక్కడ మొదలైనా ఏదో ఒక పూట జుట్టు మీదికి రాక మానవు. "ఈడి నీళ్లు మంచిగ లెవ్వన్నా, ఎంటికలన్నీ పోయినయ్" అంటాడు దుబాయ్ క్యాంపులో ఉండే జగిత్యాల తమ్ముడు. "దువ్వితే చాలు, దువ్వెన నిండా ఊడి వస్తాండాయక్కా" అంటుంది కువైట్‌లో ఇంటిపని చేసే రాయచోటి చెల్లెలు. వెంటనే సలహాలు మొదలు. మినరల్ వాటర్ డబ్బాతో తలస్నానం చేయమని ఒకరు. ఉల్లిపాయ రసం పూయమని ఇంకొకరు. ఊరి నుంచి వచ్చేవాళ్లతో మూలికల నూనె తెప్పించుకోమని మరొకరు.

బయటివాళ్లకు ఇది నవ్వులాటగా కనిపించొచ్చు. పడేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. ఊళ్లో సంబంధాలు చూస్తుంటే, వీడియో కాల్‌లో టోపీ తీయడానికి మనసొప్పని పాతికేళ్ల కుర్రాళ్లు ఎంతమంది లేరు? ఆ బెంగను పట్టుకునే 'వంద శాతం మూలికలు, మూడు నెలల్లో కొత్త జుట్టు' అనే సీసాలు అమ్ముడవుతున్నాయి. మూడు నెలల కోర్సు అంటే చిన్న ఖర్చేం కాదు. ఆ డబ్బు ఇంటికి పంపాల్సిన దాంట్లోంచే పోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. కుంకుడుకాయ, శీకాకాయ, మందారాకు, కొబ్బరినూనె, గోరింటాకు - ఇవన్నీ మంచివే. కడుగుతాయి, మెత్తబరుస్తాయి, రంగు వేస్తాయి. ఊడిపోయిన చోట కొత్త జుట్టు మొలిపించడం మాత్రం వాటి పని కాదు. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్ల మనవాళ్లకు రెండు విధాలా నష్టం. మొక్కల వల్ల కలిగే మేలు సరిగా అందడం లేదు, అసలు కారణానికి వైద్యమూ జరగడం లేదు.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. గల్ఫ్ దేశాల్లో నల్లా నీళ్లు చాలావరకు సముద్రం నీళ్లే. అయితే ప్లాంట్లలో ఉప్పు తీసేశాకే పంపుతారు. నోట్లో పోసుకుంటే తెలిసిపోతుంది, అవి ఉప్పునీళ్లు కావు. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకులో ఆ నీళ్లు కాగిపోతాయి. కాగిన నీళ్లు, అందులోని క్లోరిన్, రోజంతా ఎండ, ఏసీ గాలి - ఇవన్నీ కలిసి జుట్టును పీచులా చేయగలవు. కానీ జుట్టు గరుకెక్కడం వేరు, కుదురు నుంచి ఊడటం వేరు. ఊడటానికి కారణం చాలావరకు నీళ్లలో కాదు, ఒంట్లో ఉంటుంది.

మరి గల్ఫ్‌కు వచ్చాకే ఎందుకు ఊడుతోంది? ఇక్కడే అసలు కిటుకు ఉంది. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ప్రతి వెంట్రుకా కొన్నేళ్లు పెరిగి, కొన్ని నెలలు విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత రాలిపోతుంది. అయితే గట్టి జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఒక్కసారిగా తిండి తగ్గడం, పెద్ద దిగులు లాంటిది ఏదైనా ఒంటికి తగిలితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. అవి అప్పుడే రాలవు. రెండు మూడు నెలల తర్వాత గుప్పెళ్లుగా రాలతాయి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. వీసా కోసం అప్పు. పెళ్లాం పిల్లల్ని వదిలి రావడం. కొత్త ఎండ, కొత్త తిండి. ఎనిమిది మంది ఉండే గదిలో సగం నిద్ర. ఇవన్నీ మొదటి నెలలోనే ఒంటి మీద పడతాయి. మూడో నెలలో జుట్టు రాలడం మొదలవుతుంది. మనిషికి అప్పుడు కంటికి కనిపించే కొత్త వస్తువు నీళ్లే కాబట్టి నింద నీళ్ల మీదికి పోతుంది. ఈ రకం రాలడం, కారణం తొలగిపోతే, చాలామందిలో ఆరు నెలల్లో దానంతటదే తగ్గి జుట్టు మళ్లీ వస్తుంది. ఆ సమయంలో ఏ నూనె రాస్తూ ఉంటే ఆ నూనెకు పేరొస్తుంది. "నాకు పనిచేసిందన్నా" అని పదిమందికి చెబుతాం. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ జుట్టు నూనె వల్ల రాలేదు, ఒళ్లు కుదుటపడటం వల్ల వచ్చింది.

ఇంకో రకం ఉంది. నుదుటి మూలల్లో, నడినెత్తిన మెల్లగా పలచబడే బట్టతల. అది వంశపారంపర్యం, హార్మోన్ల పని. నాన్నకో మేనమామకో ఉంటే మనకూ రావచ్చు. గల్ఫ్ నీళ్లు తాగని మన ఊరి కరణంగారికి మాత్రం బట్టతల రాలేదా? దీన్ని కొంతవరకు ఆపగలవని పరీక్షల్లో తేలిన మందులు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్. అవి కూడా డాక్టర్ చెబితేనే వాడాలి, ఆపేస్తే గుణమూ పోతుంది. మన దేశంలో ఔషధాల నియమావళి (1945) షెడ్యూల్-జె అని ఒక జాబితా ఇచ్చింది. అందులో ఉన్న జబ్బుల్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ జాబితాలో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడమూ ఉంది. అంటే సీసా మీద కనిపించే ఆ పెద్ద అక్షరాల మాటల్ని ఎంత నమ్మాలో చట్టమే చెప్పేసింది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అలాంటి మాటే. సెలవుకు వెళ్లినప్పుడు తిరుపతిలోనో వేములవాడలోనో మొక్కు తీర్చుకోండి. అది భక్తి. జుట్టు వైద్యం మాత్రం కాదు.

అలాగని మన చెట్లూ చేమలూ దండగ అనుకోకండి. 'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అనే సామెత ఉండనే ఉంది. కుంకుడు, శీకాకాయల్లో సబ్బులా నురగనిచ్చే సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. జిడ్డునీ చెమటనీ అది వదలగొడుతుంది. మందారాకు, నానిన మెంతులు ఇచ్చే జిగురు జుట్టుకు పట్టి చిక్కు పడకుండా చూస్తుంది. కొబ్బరినూనె సంగతి 2003లో శాస్త్రవేత్తలు పరీక్షించి చెప్పారు. తలస్నానానికి ముందు రాస్తే అది వెంట్రుక లోపలికి దిగి, అందులోని ప్రొటీన్ కొట్టుకుపోకుండా కాపాడుతుందట. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. మన అమ్మమ్మలు తలంటుకు ముందే నూనె పెట్టడంలో ఎంత తెలివి ఉందో చూడండి.

షాంపూ అనే మాట కూడా మన దేశం నుంచి పోయిందే. తల నొక్కి మర్దన చేయడాన్ని హిందీలో 'చాంప్‌నా' అంటారు. పాట్నా నుంచి ఇంగ్లండ్‌కు వలస వెళ్లిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో బ్రైటన్ ఊళ్లో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి ఈ మర్దనతోనే పేరు తెచ్చుకున్నాడు. రాజుగారికి కూడా మర్దన చేసేవాడు. మనలాగే పొట్ట చేతపట్టుకుని పోయిన మనిషే.

ఇక గల్ఫ్ వాళ్లకూ సొంత కుంకుడు లాంటిది ఉంది. 'సిద్ర్' అంటారు. మన రేగు జాతి చెట్టు. దాని ఆకుపొడిని నీళ్లలో కలిపితే నురగ వస్తుంది, దాంతో తల రుద్దుకోవడం అక్కడి ఆడవాళ్లకు పాత అలవాటు. మూలికల దుకాణాల్లో దొరుకుతుంది. ఇళ్లల్లో పనిచేసే అక్కలు కుంకుడుకాయలు ఉడకబెట్టడానికి మేడం వంటగదిలో వీలుండకపోవచ్చు. సిద్ర్ అయితే ఆ ఇంట్లోనే ఉండొచ్చు, అడిగి చూడండి. మెంతుల్ని అక్కడ 'హుల్బా' అంటారు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. కేరళవాళ్ల పుణ్యమా అని కొబ్బరినూనెకూ కొదవ లేదు. అంటే ఊరి నుంచి మూటలు మోయించాల్సిన పనే లేదు.

మూటల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో దంచిన పొడిని పేరూ ఊరూ లేని కవర్లో కట్టి బ్యాగులో పెట్టుకోకండి. ఎయిర్‌పోర్టులో అడిగితే అది ఏం పొడో ఎలా రుజువు చేస్తారు? కావాలంటే కొట్లో కొన్న, లేబుల్ ఉన్న సీలు ప్యాకెట్ తెచ్చుకోండి. "మా తమ్ముడికి ఈ నూనె సీసా ఇవ్వండి" అని ఎవరైనా ఇస్తే, లోపల ఏముందో తెలియకుండా పట్టుకెళ్లకండి. గల్ఫ్‌లో మత్తుపదార్థాల చట్టాలు ఎంత కఠినమో తెలియనిది కాదు.

అన్నిటికంటే భయపడాల్సింది 'నల్ల హెన్నా'కు. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు. మొక్కలతోనే నలుపు కావాలంటే గోరింటాకు పెట్టి కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి, గంటల పని. పది నిమిషాల్లో నల్లబడుతుందంటే అందులో చాలావరకు పీపీడీ అనే రసాయనం ఉంటుంది. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ ఉన్నా సరే, వెనకాల చిన్న అక్షరాలు చదవండి. అది పడనివాళ్లకు దురద, బొబ్బలు, కళ్లూ మొహమూ వాయడం జరుగుతుంది. ఊపిరి ఆడకపోతే వెంటనే ఎమర్జెన్సీకి పోవాలి. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు కదా! వాడేముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. 'ఆమ్లా' అని రాసి ఉన్న నూనెల్లో కూడా కొన్నిటిలో ఎక్కువ భాగం మినరల్ ఆయిలే. అది విషం కాదు, కానీ ఉసిరి అనుకుని డబ్బు పెడుతున్నారు, అదీ సంగతి.

మరి క్యాంపులో ఉండేవాళ్లు ఏం చేయాలి? పెద్ద పనేం లేదు.

రాత్రి బకెట్టులో నీళ్లు పట్టి గదిలో పెట్టుకుంటే పొద్దునకు చల్లబడతాయి. సెలవు రోజు తలస్నానానికి గంట ముందు కాస్త కొబ్బరినూనె రాసుకోండి. పొట్టి జుట్టుకు ఐదారు కుంకుడుకాయలు చాలు. గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డలో వడగట్టండి. మిగిలింది దాచొద్దు, పాడవుతుంది. కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. చిన్నప్పుడు నోట్లో ఉప్పుకల్లు వేసేవారు కానీ, మంచినీళ్లతో కడుక్కోవడమే అసలు మందు. ఇంత ఓపిక లేకపోతే మామూలు షాంపూ కూడా మంచిదే, తప్పేం లేదు. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం నూనె పెట్టి రాత్రంతా ఉంచకండి. చుండ్రుకు కారణమయ్యే ఫంగస్‌కు జిడ్డే తిండి. దానికి ఫార్మసీలో కీటోకొనజోల్ షాంపూ దొరుకుతుంది. హెల్మెట్ లోపలి పట్టీని ఉతకండి. దువ్వెన, తువ్వాలు ఒకరివి ఒకరు వాడకండి. పేలైనా తామరైనా అలాగే అంటుకుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం, గుడ్డును తలకు పట్టించకండి, కడుపులో వేసుకోండి. జుట్టు ప్రొటీన్‌తో తయారవుతుంది. పచ్చడి మెతుకులతో నెలంతా గడిపి డబ్బు మిగిల్చి, ఆ మిగిలిన దాంతో జుట్టు నూనె కొనడం ఏం లెక్క? పప్పు, గుడ్డు, ఆకుకూర, శనగలు... ఇవే అసలు 'మూలికలు'.

జుట్టుతో పాటు నీరసం, ఆయాసం, గుండెదడ, బరువులో తేడా ఉంటే రక్తం తక్కువై ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు. నెలసరి ఎక్కువగా అయ్యే అక్కచెల్లెళ్లకు ఐరన్ తగ్గడం చాలా మామూలు. నూనె మారుస్తూ కూర్చుంటే అది నయం కాదు, చిన్న రక్తపరీక్షతో బయటపడుతుంది. పైసాకారంగా గుండ్రంగా ఊడినా, పుండ్లు పడినా ఆలస్యం చేయొద్దు. యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ, వీసా తీసేటప్పుడూ రెన్యువల్ చేసేటప్పుడూ, ప్రైవేటు ఉద్యోగులకూ ఇంటి పనివాళ్లకూ యజమానే ఆరోగ్య బీమా చేయించడం తప్పనిసరి. కార్డు ఉండీ వాడుకోకపోవడం మన తప్పే అవుతుంది. కార్డు ఇవ్వకపోతే అడగండి, అది మీ హక్కు.

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు. జుట్టు లేనంత మాత్రాన మనిషికి విలువ తగ్గదు. ఎడారిలో చెమటోడ్చి ఇంటిని నిలబెట్టినవాడిని నెత్తి చూసి కాదనే సంబంధం పోతే పోనివ్వండి. ఈ నెల ఆ సీసా కొనబోయే డబ్బును రెండు ట్రేల గుడ్లకూ ఒక రక్తపరీక్షకూ పెట్టండి. మిగిలితే ఇంటికి పంపండి.