మార్కుల లెక్కలో చేరని రక్తహీనత

పదో తరగతి ఫలితాలు వెలువడిన ప్రతిసారీ జిల్లాల వారీ ఉత్తీర్ణత శాతాలు, వెనుకబడిన పాఠశాలల జాబితాలు, ఉపాధ్యాయులకు సంజాయిషీ నోటీసులు, మరుసటి ఏడాదికి వంద రోజుల ప్రణాళికలు వరుసగా వస్తాయి. ఇంగ్లీషు మాధ్యమమా, తెలుగు మాధ్యమమా అన్న వాదం మళ్లీ మొదలవుతుంది. ఇంత చర్చలోనూ చదవవలసిన పిల్లల ఒంట్లో సత్తువ ఉందా అన్న ప్రశ్న వినిపించదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి మత్స్యకార గ్రామాల పిల్లలు చదువులో వెనుకబడితే తల్లిదండ్రుల నిరక్షరాస్యతనో, వలసనో, బోధననో తప్పుపడతారు తప్ప వారి రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో ఎవరూ అడగరు. ఆ ప్రశ్న వేయని విద్యా విధానం అసంపూర్ణమే.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే వారి రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా తక్కువగా ఉంది. 2015–16 నాటి సర్వేలో ఈ అంకె 58.6 శాతమే. వేలికొస నుంచి తీసిన రక్తంతో పరీక్షించడం వల్ల లెక్క కొంత ఎక్కువగా వచ్చి ఉండవచ్చన్న విమర్శ సమంజసమే కావచ్చు. కానీ రెండు సర్వేలూ అదే పద్ధతిని అనుసరించాయి గనుక పెరుగుదలను ఆ విమర్శ తోసిపుచ్చలేదు. ఆనాటి పసివారే నేటి బడిపిల్లలు.

శరీర కణాలకు ప్రాణవాయువును చేరవేసే హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. మెదడు ఎదుగుదలకూ అదే అవసరం. ఇనుము చాలని పిల్లలు త్వరగా అలసిపోతారు, వారి ఏకాగ్రత నిలవదు, బడికి హాజరూ తగ్గుతుంది. శైశవంలో జరిగిన నష్టం తరవాత మాత్రలు మింగించినా పూర్తిగా పూడకపోవచ్చు.

సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో పోషణకు లోటేమిటన్న వాదన కారణాల్లో సగాన్ని విస్మరిస్తుంది. తడి ఇసుక నేలల్లో వృద్ధి చెందే కొంకి పురుగు చెప్పుల్లేని పాదాల చర్మం గుండా లోపలికి చొచ్చుకుపోయి, పేగు గోడలకు అంటుకుని రక్తాన్ని పీలుస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1910 ప్రాంతంలో బడి ఈడు పిల్లల్లో సుమారు 40 శాతం మందికి ఈ పురుగు సోకి ఉండగా, రాక్‌ఫెల్లర్ కమిషన్ దాని నిర్మూలనకు పూనుకున్న తరవాత వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లోనే బడి చేరికలు, హాజరు, అక్షరాస్యత ఎక్కువగా పెరిగాయని ఆర్థికవేత్త హోయ్ట్ బ్లీక్‌లీ 2007లో నిరూపించారు.

మధ్యాహ్న భోజనం, 2023 నుంచి రాగిజావ, వారం వారం ఐరన్ మాత్ర, ఏటా నులిపురుగుల నివారణ దినం ఉన్నాయన్నది నిజమే. కెన్యాలో నులిపురుగుల మందు ఇచ్చినప్పుడు గైరుహాజరు నాలుగో వంతు తగ్గినా పరీక్షల మార్కులు పెరగలేదన్నదీ నిజమే. ఆరోగ్యం ఒక్కటే పాఠం చెప్పదు. అయితే పథకాల విజయాన్ని పంచిన మాత్రల సంఖ్యతో కొలిచి, పిల్లల రక్తంలో వచ్చిన మార్పును కొలవకపోతే, 58.6 శాతం 63.2 ఎలా అయిందో ఏ అధికారీ చెప్పనక్కరలేకుండా పోతుంది.

ఉత్తీర్ణత శాతం తగ్గితే ఉపాధ్యాయుడిని నిలదీసే ప్రభుత్వాన్ని రక్తహీనత శాతం పెరిగినప్పుడు నిలదీసేవారు లేకపోవడం అన్యాయం. జూన్‌లో బడి తెరిచిన నెలలోనే ప్రతి విద్యార్థికీ హిమోగ్లోబిన్ పరీక్ష జరిపి, లోపమున్న వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా చికిత్స చేయించి, విద్యా సంవత్సరం చివర మళ్లీ పరీక్షించి, పిల్లల పేర్లు బయటపెట్టకుండా మండలాల వారీ ఫలితాలను ఉత్తీర్ణత శాతాల పక్కనే ప్రకటించాలి. 63.2 శాతం అన్న అంకెను పక్కన పెట్టి గీసే వంద రోజుల ప్రణాళిక ఏదైనా కాగితం మీది పనే. ఒంట్లో రక్తం లేని పిల్లవాడికి ఆ ప్రణాళికలోని అదనపు తరగతి చదువు కాదు, శిక్ష.