బొమ్మలో కుడి... మనిషిలో ఏ వైపు?

ఈమధ్య మా ఓపీకి ఒక కుటుంబం వచ్చింది. అరవై ఏళ్ల తండ్రికి ఎడమ చేయి పట్టు తప్పుతోంది. మెదడు కుడి భాగంలో కంతి ఉందని ఎంఆర్‌ఐ రిపోర్టు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఖాయమైంది. ఇంతలో అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి మరో డాక్టరుకు చూపిద్దామని సీడీలోని ఫైళ్లు తెప్పించుకుని, వేరే ఫార్మాట్‌లోకి మార్చి తెరిచాడు. ఫిల్ములో ఎడమ పక్కన కనిపించిన కంతి ఆయన తెర మీద కుడి పక్కన ఉంది! 'సెంటర్‌వాళ్లు పొరపాటు చేశారు, ఆపరేషన్ ఆపించండి' అన్నాడట. చిన్నబ్బాయి రెండు బొమ్మలూ నా ముందు పెట్టి, 'ఏది నిజం సార్?' అని అడిగాడు.

రెండూ నిజమే. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి చేయి మనకు ఎడమ పక్కన ఉంటుంది కదా! రేడియాలజీ ఫిల్ము కూడా అంతే. వెల్లకిలా పడుకున్న రోగిని పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. మెదడు పరిశోధకులు వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం రోగి కుడిని తెర మీద కూడా కుడి పక్కనే చూపిస్తాయి. మెదడు కుడి సగం శరీరంలోని ఎడమ సగాన్ని నడిపిస్తుంది. బలహీనపడింది ఎడమ చేయి కాబట్టి, రిపోర్టు చెప్పిన కుడివైపే సరిపోతోంది.

అసలు ప్రమాదం తర్వాతి మాటలో ఉంది. 'అన్నయ్య దాన్ని ఫ్లిప్ చేసి ఫిల్ములా మార్చేస్తానంటున్నాడు' అన్నాడు చిన్నబ్బాయి. ఆ పని మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పాను.

ఎందుకంటే ఆసుపత్రి ఇచ్చే డైకామ్ ఫైల్‌లో బొమ్మ ఒక్కటే ఉండదు. ఏ అంచు రోగి శరీరంలో ఏ వైపో కూడా రాసి ఉంటుంది. అందులో కొలత రోగి ఎడమ వైపుకు పెరుగుతుంది. పరిశోధకుల నిఫ్టీ ఫార్మాట్‌లో (షేర్ మార్కెట్ నిఫ్టీ కాదు లెండి!) కుడి వైపుకు పెరుగుతుంది. మార్చే సాఫ్ట్‌వేర్ ఈ తేడాను సరిగా లెక్కించకపోతే బొమ్మ తారుమారవుతుంది. జేపీఈజీగా మార్చినా, ఫోన్‌తో ఫొటో తీసినా ఆ సమాచారమే పోతుంది. తల్లకిందులైతే ఎవరైనా పట్టేస్తారు. కానీ మెదడు రెండు సగాలూ చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి. కుడి ఎడమైతే కంటికి తెలియదు. అందుకే కొందరు పరిశోధకులు స్కాన్‌కు ముందు తల కుడి పక్కన విటమిన్ ఈ క్యాప్సూల్ అంటిస్తారు. అది ఎంఆర్‌ఐలో తెల్లగా మెరుస్తుంది. ఫైల్ ఎన్నిసార్లు మారినా కుడి ఏదో అదే చెబుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా మెదడు స్కాన్ తీయించారా? ఇవి గుర్తుంచుకోండి.

సీడీని, ఫిల్మును, రిపోర్టును కలిపి భద్రపరచండి. మరో డాక్టరుకు పంపాలంటే సీడీలోని ఫోల్డర్ మొత్తం మార్చకుండా పంపండి. కిటికీకి ఆనించి తీసిన ఫొటోను వాట్సాప్‌లో పెడితే సరిపోదు. ఫిల్మును వెనక్కి తిప్పి పట్టుకున్నా కుడి ఎడమైపోతుంది. తప్పనిసరై ఫొటో తీస్తే, దాని మీది 'ఆర్', 'ఎల్' అక్షరాలు కత్తిరించకండి. అవి అద్దంలోలా తిరగబడి ఉంటే బొమ్మ తిరగబడినట్టే.

మార్చిన బొమ్మలో తేడా అనిపిస్తే, దాన్ని సరిదిద్దబోకండి. అసలు ఫైళ్లకే తిరిగి వెళ్లి, మళ్లీ మార్చి, రిపోర్టుతోనూ రోగి లక్షణాలతోనూ పోల్చమనండి.

ఇక ఆపరేషన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, మత్తు ఇచ్చే ముందే ఆపరేషన్ చేసే చోటును రోగితో నిర్ధారించుకోవాలని ఉంది. కాబట్టి 'ఏ వైపు చేస్తున్నారు డాక్టరు గారూ?' అని అడగడానికి మొహమాటపడకండి. అది మమ్మల్ని అనుమానించడం కాదు. మాకు సాయం చేయడమే.