రంగుల బొమ్మ ఒక్కటే చాలదు

విద్యార్థులారా! 2021లో అంతరిక్షానికి వెళ్ళిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన రంగుల బొమ్మలు పత్రికల్లో చూసే ఉంటారు. వాటి పక్కన వర్ణపటం గ్రాఫును కూడా అచ్చువేయాలని నా అభిప్రాయం.

ఎందుకంటారా? దూరపు గెలాక్సీలలోని ధూళి మామూలు వెలుగును అడ్డుకుంటుంది. పరారుణ కిరణాలు మాత్రం చాలావరకు దాన్ని దాటి వస్తాయి. వాటిని విడదీస్తే నియాన్ వాయువు గుర్తులు దొరుకుతాయి. ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న నియాన్ 12.8 మైక్రాన్ల గీతనిస్తుంది. అందుకు వేడి నక్షత్రాల వెలుగు చాలు. నాలుగు పోగొట్టుకున్నది 14.3 మైక్రాన్ల గీతనిస్తుంది. ఆ గీత బలంగా ఉంటే, లోపల పెద్ద కృష్ణబిలం వాయువును మింగుతున్నదన్నమాట! గీతలు ఎంత పక్కకు జరిగాయో చూసి గెలాక్సీ దూరాన్నీ అంచనా వేస్తారు.

ఇవన్నీ బొమ్మ ఒక్కటే చెప్పగలదా? బొమ్మ చూసి ఆనందించండి. గ్రాఫు చదవడం మాత్రం నేర్చుకోండి.